కెనాయ్ ఫ్యోర్డ్స్‌లో పడవా, నడకా?

అలాస్కాలోని సీవర్డ్ దాకా వెళ్లి, చేతిలో ఒక్కరోజే ఉంటే పడవే ఎక్కమంటాను. కెనాయ్ ఫ్యోర్డ్స్ పార్కులోకి కారు వెళ్లేది ఎగ్జిట్ గ్లేసియర్ (హిమానీనదం) వైపు మాత్రమే. ఫ్యోర్డులంటే నిటారు కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలు, వాటి అందం సముద్రం మీంచే చూడాలి. ఐయాలిక్ గ్లేసియర్ ముందు పడవ ఆగితే నీళ్లలో మంచుముక్కలు చిటపటలాడుతుంటాయి. అంతలో ఓ పెద్ద పెళ్ల విరిగిపడుతుంది. అది కంటికి కనబడ్డాకే ఉరుములాంటి చప్పుడు చెవినపడుతుంది. పఫిన్లనే సముద్రపు పక్షులు, సీళ్లు సరేసరి. పడవ పడనివాళ్లు మాత్ర ముందే వేసుకోవాలి, బయటి సముద్రం బాగా ఊపేస్తుంది.

నడకకు ఖర్చులేదు, ప్రవేశ రుసుమూ లేదు. ఎగ్జిట్ గ్లేసియర్ దారిలో మంచు ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే పలకలుంటాయి. 1951, 2010... ఒక్కోటీ దాటుతుంటే గుండె బరువెక్కుతుంది. పైనున్న విశాలమైన మంచుమైదానం హార్డింగ్ ఐస్‌ఫీల్డ్ కనబడేదాకా ఎక్కాలంటే రానుపోను 13 కిలోమీటర్లు. మోకాళ్లు గట్టిగా ఉంటేనే.