గట్టు వరకా, నేల వరకా: ఏ గదికి ఎంత పొడవు కర్టెన్ మేలు?

మన ఇళ్లలో సాధారణంగా తలుపులూ కిటికీలూ నేల నుంచి 7 అడుగుల ఎత్తున ఒకే మట్టానికి ఉంటాయి. కిటికీ గట్టు దాదాపు 3 అడుగుల ఎత్తున వస్తుంది. దుకాణాల్లో రెడీమేడ్ కర్టెన్లు ఎక్కువగా 5, 7, 9 అడుగుల కొలతల్లో దొరుకుతాయి. రాడ్డును కిటికీకి అర అడుగు పైన బిగిస్తే, రింగుల పైన మిగిలే ఒకటిన్నర అంగుళం బట్ట పోను, 5 అడుగుల కర్టెన్ గట్టుకు నాలుగైదు అంగుళాలు కిందికి దిగుతుంది. అదే ఎత్తులో 7 అడుగులది వేలాడదీస్తే నేలకు ఏడెనిమిది అంగుళాల పైనే ఆగిపోయి, పొట్టిదైపోయిన పరికిణీలా కనిపిస్తుంది. గట్టుకూ నేలకూ మధ్య గోడ మీద ఎక్కడో ఆగే ఈ పొడవు ఏ గదికీ నప్పదని నా అభిప్రాయం.

హాలుకు నేల వరకు దిగే కర్టెన్లే అందం. పైకప్పు 10 అడుగుల ఎత్తున ఉంటే రాడ్డును 9 అడుగుల దగ్గర బిగించి 9 అడుగులవి వేయవచ్చు. గోడ నిండుగా ఉంటుంది, చిన్న హాలు కూడా ఎత్తుగా అనిపిస్తుంది. అంతకన్నా పొడవుగా, నేల మీద కుచ్చులు పరుచుకునేలా వేయడం మాత్రం రోజూ ఊడ్చి తడిబట్ట పెట్టే ఇళ్లకు పనికిరాదు. అంచు తడిసి, దుమ్ము పట్టి, నెల తిరగకముందే నల్లబడుతుంది. నేలకు అర అంగుళమో అంగుళమో ఎడం ఉండాలి.

పడకగదిలో నిర్ణయం మంచానిది. కిటికీకి ఆనించి మంచం గానీ పిల్లల చదువు బల్ల గానీ ఉంటే పొడవాటి బట్ట వాటి వెనక ఇరుక్కుని నలుగుతుంది కనుక అక్కడ 5 అడుగులదే మేలు. కిటికీ కింద ఖాళీగా ఉంటే నేల వరకు వేసుకోవచ్చు. అయితే పడమటి ఎండను ఆపాలన్నది ఉద్దేశమైతే పొడవు కన్నా వెడల్పు ముఖ్యం; వెలుతురు పక్కల సందుల్లోంచి ఎక్కువగా చొరబడుతుంది కాబట్టి కిటికీకి రెండింతల వెడల్పు బట్ట తీసుకోవాలి.

వంటగదిలో పొయ్యి దగ్గర కిటికీకి అసలు కర్టెనే వద్దు. దూరంగా ఉన్నదానికి గట్టు దాటనిది చాలు.

కుట్టించుకునేవారు నూలు బట్టను ముందుగా ఒకసారి తడిపి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుదించుకుపోతుంది. అంచు మడత నాలుగు అంగుళాలు ఉంచమని టైలరుకు చెబితే తరువాత విప్పి పొడవు పెంచుకునే వీలుంటుంది. బాల్కనీ తలుపు దగ్గర నేల వాలుగా ఉండవచ్చు కాబట్టి రాడ్డు నుంచి రెండు చివర్లా, మధ్యలో కొలిచి, అన్నింటిలో తక్కువైన కొలతనే టైలరుకు ఇవ్వాలి.