కంపెనీ అప్పుతో ఏడాది రైలు టికెట్: మూడు ఉద్యోగాల అనుభవం

రెడింగ్ నుంచి లండన్ పాడింగ్టన్‌కి 36 మైళ్లు. ఫాస్ట్ ట్రైను దొరికితే పాతిక నిమిషాలు. ఆ పాతిక నిమిషాలకి ఏడాది టికెట్ ఎంతో 2015 జనవరిలో మొదటిసారి విన్నప్పుడు గుండె జారిపోయింది. నాలుగు వేల పౌండ్ల పైమాటే. తెనాలి నుంచి విజయవాడకి రోజూ తిరిగిన మా నాన్న సర్వీసు మొత్తం కొన్న ఎమ్మెస్టీలన్నీ (నెలవారీ రైలు పాసులు) కలిపినా అందులో పదో వంతు రావు. అప్పటికి మేం ఈ దేశం వచ్చి నాలుగు నెలలైంది. అద్దె ఇంటికి డిపాజిట్టు కట్టి, పాత సోఫా ఒకటి కొనేసరికి బ్యాంకులో మిగిలింది ఆ నెల కిరాణాకి సరిపడా మాత్రమే.

ఆఫీసులో పక్క సీటావిడ "సీజన్ టికెట్ లోన్ పెట్టుకోకూడదా?" అంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా మూడు కంపెనీల్లో ఆరుసార్లు తీసుకున్నాను. ఒకసారి టికెట్ పారేసుకున్నాను, ఒకసారి కార్డు పారేసుకున్నాను, రెండుసార్లు మధ్యలో వాపసు ఇచ్చేశాను, ఒకసారి ఉద్యోగమే మానేశాను. ఈ అప్పుకి పట్టగల గతులన్నీ నా చేతిలో పట్టాయి కాబట్టి రాస్తున్నాను. అప్పుకి నాలుగు నక్షత్రాలు ఇస్తాను. మా రెండో కంపెనీ దాన్ని నడిపిన తీరుకి ఒకటి, అదీ మొహమాటానికి.

ముందు అసలు సంగతి. ఏడాది టికెట్ మొత్తం డబ్బు కంపెనీ వడ్డీ లేకుండా ముందే ఇస్తుంది. పన్నెండు నెలలపాటు జీతంలో కోసుకుంటుంది. మొదటి నెలలోనే చీటీ పాట మనకే వచ్చి, పైసా తగ్గకుండా మొత్తం చేతికి అందినట్టు. తరవాత వాయిదాలు కట్టుకుపోవడమే.

ఏడాదిది ఎందుకు, నెలనెలా కొనుక్కోవచ్చుగా అంటారా? ఇక్కడ ఏడాది టికెట్ ధర అంటే వారం టికెట్‌కి 40 రెట్లు. నెల టికెట్ అంటే 3.84 రెట్లు. అంటే యాభై రెండు వారాలు తిరిగి నలభై వారాల డబ్బు కడతాం. సెలవులూ, ఇండియా ప్రయాణాలూ, జ్వరాలూ తీసేసినా రోజూ వెళ్లేవాళ్లకి ఇదే చవక. రోజూ వెళ్లేవాళ్లకి, అని ఇంకోసారి అంటున్నాను. నేను దెబ్బ తిన్నది అక్కడే.

ఇందులో పన్ను మిగులుతుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. మిగలదు. కంపెనీ ద్వారా సైకిల్ కొనుక్కునే స్కీములో జీతం కోత పన్నుకి ముందే పడుతుంది కాబట్టి లాభం ఉంటుంది. దీనికి కోత పన్ను పోయాక వచ్చే జీతంలోంచే. ఇక్కడి పన్ను శాఖ ఇచ్చే వెసులుబాటల్లా, మనం కట్టని వడ్డీని ఆదాయం కింద లెక్కేయకపోవడం. ఉద్యోగి తీసుకున్న అప్పులన్నీ కలిపి 10,000 పౌండ్లు దాటనంతవరకూ అది వర్తిస్తుంది. 2014 ఏప్రిల్ దాకా ఆ హద్దు 5,000 ఉండేది. న్యూజెర్సీలో ఉండే మా తమ్ముడికి మాత్రం నెలకి కొంత హద్దు దాకా రైలు డబ్బులు పన్నుకి ముందే పోతాయి. వాడు ఫోన్‌లో ఆ మాట ఎత్తినప్పుడల్లా నేను వాతావరణం గురించి అడుగుతాను.

మొదటి కంపెనీ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఫారం నింపితే డబ్బు నెల జీతంతో పాటు నా ఖాతాలో వేసేవారు. నేనే స్టేషన్ కౌంటర్‌కి వెళ్లి నా కార్డుతో కొని, టికెట్ కాపీ పేరోల్ వాళ్లకి పంపేదాన్ని. ఫారానికి నెల మధ్యలో గడువు ఉండేది, అది తప్పితే ఒక నెల పోయినట్టే. అప్పట్లో జనవరి 2న ఛార్జీలు పెరిగేవి, అందుకని డిసెంబరు చివర్లోనే పాత ధరకి కొనేసుకోవాలి. ఆ లెక్కన ఫారం డిసెంబరు మొదటి వారంలోనే పడాలి. మొదటి ఏడాది ఈ సంగతి తెలీక పెరిగిన ధరకే కొన్నాను.

అప్పట్లో టికెట్ అంటే కాగితం ముక్క. బ్యాంకు కార్డంత అట్ట, వెనక నల్లటి అయస్కాంతపు పట్టీ. మా వైపు ఏడాది టికెట్లు బంగారు రంగులో వచ్చేవి, పేరు కూడా గోల్డ్ కార్డే. దానితో పాటు ఫొటోకార్డు ఒకటి దగ్గర ఉంచుకోవాలి, దాని నంబరు టికెట్ మీద ఉంటుంది. వేల పౌండ్ల వస్తువు నాలుగు నెలలకి సినిమా టికెట్‌లా అక్షరాలు వెలిసిపోయేది. నా ఫోన్ కవరుకి అయస్కాంతపు మూత ఉండేది. ఆ కవరులోనే టికెట్ పెట్టుకుని, గేటు ఎందుకు తెరుచుకోవడం లేదా అని వారం రోజులు గేటునే తిట్టుకున్నాను. కౌంటర్లో చూపిస్తే పాత ముక్క తీసుకుని అక్కడికక్కడే కొత్తది అచ్చేసి ఇచ్చారు, డబ్బేం తీసుకోలేదు. ఇలా రెండుసార్లు. ఆ సెలవుల్లో నాన్న వచ్చినప్పుడు తన పాత ఎమ్మెస్టీ ప్లాస్టిక్ కవరు జేబులోంచి తీసి ఇచ్చారు. "అమ్మాయ్, దీన్లో పెట్టుకో, ఇరవై ఏళ్లు నలగలేదు" అన్నారు. నిజంగానే ఆ తరవాత టికెట్ నలగలేదు.

గోల్డ్ కార్డు గురించి రాయకపోతే అన్యాయం. శనాదివారాల్లో, మామూలు రోజుల్లో రద్దీ వేళ దాటాక, ఇంగ్లండ్ ఆగ్నేయ ప్రాంతం రైళ్లలో మూడో వంతు తగ్గింపు. మనకొక్కరికే కాదు, మనతో వచ్చే ముగ్గురు పెద్దవాళ్లకీ. పిల్లలకైతే అరవై శాతం. అమ్మ, నాన్న, మా ఆయన: సరిగ్గా ముగ్గురు. ఆ వేసవిలో ఆక్స్‌ఫర్డ్, విండ్సర్, బ్రైటన్ అన్నీ అలాగే తిరిగాం. "మా ఎమ్మెస్టీ చూపించి నలుగురం ఎక్కుంటే టీసీ దుగ్గిరాలలోనే దింపేసేవాడు" అని నాన్న ప్రతి రైల్లోనూ అన్నారు. చాలామంది తెలుగువాళ్లు ఏళ్ల తరబడి ఈ కార్డు జేబులో పెట్టుకుని, వారాంతాల్లో పూర్తి ధరకి టికెట్లు కొంటూ నాకు ఎదురయ్యారు.

2018 సెప్టెంబరులో ఆ ఉద్యోగం మానేశాను. కొత్త ఉద్యోగమూ లండన్‌లోనే కాబట్టి టికెట్ అలాగే పనికొస్తుందని నిశ్చింతగా ఉన్నాను. చివరి జీతం పడ్డాక చూస్తే మిగిలిన నాలుగు వాయిదాలూ ఒకేసారి కోసేశారు. అప్పు ఒప్పందంలో ఆ మాట స్పష్టంగానే ఉంది, చదవనిది నేనే. ఆ నెల అద్దె మా ఆయన క్రెడిట్ కార్డు మీద కట్టాం.

రెండో కంపెనీ పెద్దది, అన్నీ పోర్టళ్లే. ఇక్కడ డబ్బు చేతికివ్వరు. కంపెనీ తరఫున ఒక ఏజెన్సీ టికెట్ కొని పోస్టులో ఇంటికి పంపుతుంది. సుఖమే అనుకున్నాను, క్యూలో నిలబడక్కర్లేదు కదా. కొన్నది ఎవరు అన్న ప్రశ్న టికెట్ పోయినప్పుడుగానీ మనకి తట్టదు.

2019 నవంబరులో గ్లవ్స్ తీస్తుండగా టికెట్ జేబులోంచి ఎక్కడో జారిపోయింది. ఇంటి దగ్గర మర్చిపోవడం వేరు, పారేసుకోవడం వేరు. మర్చిపోతే ఆ రోజుకి కొన్న టికెట్ డబ్బు తరవాత వాపసు అడగొచ్చు, ఏడాదిలో రెండుసార్ల దాకా. పారేసుకుంటే డూప్లికేట్ వచ్చేదాకా రోజూ మన జేబులోంచే. కౌంటర్లో ఆయన మర్యాదగానే చెప్పాడు, ఈ టికెట్ ఇచ్చింది వాళ్లు కాదు కాబట్టి ఏజెన్సీనే అడగాలని. ఏజెన్సీ వాళ్లు కొనుగోలుదారు కంపెనీ కాబట్టి కంపెనీ నుంచి మెయిల్ రావాలన్నారు. కంపెనీలో ఆ మెయిల్ పంపగలిగే మనిషి ఒక్కరే. ఆవిడ సెలవులో ఉంది. మొత్తం ఏడు పని దినాలు. మూడు రోజులు ఇంటి నుంచి పని చేస్తానని బతిమాలుకున్నాను. నాలుగు రోజులు రద్దీ వేళ రానూపోనూ టికెట్, రోజుకి నలభై పౌండ్ల పైన. ఓ పక్క జీతంలో ఆ నెల వాయిదా మాత్రం ఠంచనుగా కోసుకున్నారు.

అది మరిచిపోకముందే కరోనా. 2020 మార్చి 23న లాక్‌డౌన్ అన్నారు. జనవరిలో మొదలైన టికెట్‌కి మూడు నెలలు కూడా నిండలేదు. వాపసు ఇస్తే మంచి మొత్తమే వస్తుంది, వచ్చింది కూడా. కాకపోతే నాకు కాదు, కంపెనీ ఖాతాకి. వాళ్లకి డబ్బు అందింది, నా అప్పు తీరిపోయిందన్న కబురు మాత్రం పేరోల్ దాకా చేరలేదు. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ, నా దగ్గర లేని టికెట్‌కి, నడవని ఆఫీసుకి కోతలు పడ్డాయి. నాలుగు మెయిళ్లు, ఒక ఫోన్ కాల్, జులై జీతంలో సర్దుబాటు. క్షమాపణ లాంటిదేమీ రాలేదు.

వాపసు లెక్క ఇంకా నమిలి మింగాల్సిన విషయం. ఆరు నెలలు వాడితే సగం డబ్బు వస్తుందని ఎవరైనా అనుకుంటారు. అలా రాదు. వాడిన కాలానికి నెల టికెట్ల ధర పట్టి, మిగిలింది ఇస్తారు. వారం టికెట్ 100 పౌండ్లు అనుకోండి. ఏడాదిది 4,000, నెలది 384. ఆరు నెలలకి 2,304 పోయి 1,696 వస్తుంది. ఎనిమిది నెలలకి 928. పది నెలలకి 160. ఆ తరవాత రెండు వారాలు తిరక్కుండానే సున్నా. పైగా వాపసు చేసినందుకు రుసుము.

ఇప్పుడు అప్పు వైపు చూడండి. ఎనిమిది వాయిదాలు కట్టాక ఇంకా 1,333 పౌండ్లు బాకీ. టికెట్ తిరిగిస్తే వచ్చేది 928. అంటే 405 పౌండ్లు చేతి చమురు. నెలలు గడిచే కొద్దీ అప్పు మెల్లగా తరుగుతుంది, టికెట్ విలువ దానికంటే వేగంగా కరుగుతుంది. కంపెనీ ఫారంలో ఈ రెండో వరస అంకెలు ఎక్కడా కనపడవు.

నాకు సరిగ్గా ఇదే జరిగింది. 2021లో మూడో కంపెనీలో చేరాను. ఇక్కడ మళ్లీ మొదటి పద్ధతే, డబ్బు జీతంతో వస్తుంది, కొనుక్కోవడం మన పని. 2022లో ఛార్జీలు మార్చి 1న 3.8 శాతం పెరుగుతాయంటే ఫిబ్రవరి చివర్లో ఏడాదిది కొన్నాను. ఈసారి కాగితం కాదు, స్మార్ట్‌కార్డు. వేసవిలో ఆ కార్డూ పారేసుకున్నాను (మా ఆయన ఇది చదువుతున్నారు కాబట్టి: అవును, సోఫా సందులోనే దొరికింది, కానీ రెండు నెలల తరవాత). సైటులో పాత కార్డు ఆపేసి కొత్తది అడిగాను. పోస్టులో వచ్చింది, గేటుకి తాకిస్తే టికెట్ దాన్లోకి ఎక్కింది. నా పేరున, నా ఖాతాలో ఉంది కాబట్టి ఎవరి మెయిలూ అక్కర్లేదు. 2019లో ఏడు రోజులు తిరిగిన పనికి ఈసారి పట్టింది పది నిమిషాలు, ఆపైన పోస్టు వచ్చేదాకా ఎదురుచూపు.

అక్టోబరు చివర్లో మా టీమ్‌ని వారానికి రెండు రోజులు వస్తే చాలన్నారు. ఎనిమిది నెలల టికెట్ తిరిగిచ్చేశాను. వాపసు నేరుగా నా బ్యాంకు కార్డుకే వచ్చింది, దాన్ని అప్పుకి జమ కట్టి, తక్కువ పడింది సొంతంగా వేసుకున్నాను. నష్టం నష్టమే, కానీ మూడు నెలలు మెయిళ్లు రాసే బాధ తప్పింది. టికెట్ ఇచ్చేసిన వారానికి, నవంబరు 6న, ఎలిజబెత్ లైను రైళ్లు రెడింగ్ నుంచి లండన్ నడిబొడ్డులోకి పాడింగ్టన్‌లో మారక్కర్లేకుండా నడవడం మొదలైంది. నా టైమింగ్ అలాంటిది.

కొత్తగా చేరినవాళ్లు అడిగితే నేను మూడే అడుగుతాను. డబ్బు నీ ఖాతాలో వేస్తారా, వాళ్లే కొంటారా? మానేస్తే బాకీ ఒకేసారి కోస్తారా? వచ్చే పది నెలలు వారానికి నాలుగు రోజులైనా వెళ్తానని నీకు నమ్మకముందా? మూడోదానికి నసిగితే ఫ్లెక్సీ సీజన్ చూసుకోమంటాను. 2021 జూన్‌లో వచ్చింది, 28 రోజుల్లో ఏవైనా ఎనిమిది రోజులు. దానికి గోల్డ్ కార్డు రాదు, మా కంపెనీ అప్పూ ఇవ్వదు, చిన్న మొత్తమని. రైలు ఆలస్యానికి ఇచ్చే పరిహారం మాత్రం ఏ సీజన్ టికెట్‌కైనా అడగొచ్చు. చాలా రైళ్లకి పావుగంట దాటితే చాలు, ఫోన్‌లోనే రెండు నిమిషాల పని. అడగడానికి బద్ధకించకండి.

ప్రస్తుతం మంగళ, బుధవారాలు నా ఆఫీసు రోజులు. ఇంగ్లండ్‌లో ఈ 2026 మార్చిలో సీజన్ టికెట్ల ధర పెంచలేదు కాబట్టి కంపెనీ మళ్లీ ఫారం మెయిల్ చేసింది. గడువు పదిహేనో తారీఖు. వారానికి నాలుగు రోజులు రమ్మంటారని ఆఫీసులో పుకారు. పదమూడున మేనేజర్‌ని అడిగాక నింపుతాను. నాన్న ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లో ఇప్పుడు స్మార్ట్‌కార్డు ఉంటోంది.