ఏసీ, డీసీ రెండూ కొలిచే టాంగ్ టెస్టర్: ఏళ్లపాటు వాడాక

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓమ్‌లు, రెండింటినీ గుణిస్తే వాట్లు. ఈ లెక్క పదో తరగతి పిల్లలకీ వచ్చు. ఆ రెండు అంకెలనూ ఒకే చోట, ఒకే సమయంలో, లోడు నడుస్తుండగా పట్టుకోవడమే కష్టం. అందుకోసం ట్రూ ఆర్‌ఎంఎస్ (ఏసీ అల వంకరగా ఉన్నా సరైన విలువ చూపే పద్ధతి) ఉన్న, డీసీ కరెంటు కూడా కొలిచే 400 ఆంపియర్ల టాంగ్ టెస్టర్‌ని, అంటే తీగను తెంపకుండా దవడలతో చుట్టుకుని కరెంటు కొలిచే మీటరుని, శ్రీకాకుళం జిల్లాలో ఇళ్ల వైరింగుకీ, ఉద్దానం తోటల మోటార్లకీ, ఇన్వర్టర్లకీ కొన్నేళ్లుగా వాడుతున్నాను. కొనదగ్గ మీటరే. ఏసీ మాత్రమే కొలిచే చవకరకం కంటే ఖరీదెక్కువ, కానీ ఆ తేడా బ్యాటరీ పనిలోనే తీరిపోతుంది.

ముందు నీళ్లు కాచే రాడ్డు సంగతి. దానిమీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంటే 6.5 ఆంపియర్లు తీసుకోవాలి, రెసిస్టెన్సు 35 ఓమ్‌ల దగ్గర ఉండాలి. లైను చివరి ఊళ్లలో సాయంత్రం వోల్టేజి 185కి దిగిందనుకోండి. మీటరు 5.2 ఆంపియర్లు చూపిస్తుంది, పవరు 960 వాట్ల దగ్గర ఆగిపోతుంది. నీళ్లు కాగడం లేదని చాలామంది రాడ్డు మార్చేస్తారు. కానీ 185ని 5.2తో భాగిస్తే వచ్చేది 35.6 ఓమ్‌లు. రాడ్డు బాగానే ఉంది, తక్కువైంది వోల్టేజే. పవరు వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి వోల్టేజి ఐదో వంతు తగ్గితే పవరు మూడో వంతుకు పైగా పోతుంది. వోల్టేజిని రాడ్డు ప్లగ్గు దగ్గరే, అదీ రాడ్డు వేసి ఉండగానే కొలవాలి. మీటరు బోర్డు దగ్గర కొలిస్తే మధ్య వైరులో పడిపోయిన వోల్టులు కూడా రాడ్డు లెక్కలో కలిసిపోతాయి.

కరెంటు కొలిచేటప్పుడు దవడల మధ్య ఒక్క తీగే ఉండాలి. ఫేజు, న్యూట్రల్ కలిసున్న కేబులుకి తగిలిస్తే ఎదురెదురు ప్రవాహాలు కొట్టుకుపోయి సున్నా వస్తుంది. అడుగున్నర ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకుని పైతొడుగు మాత్రం చీల్చి, లోపలి ఇన్సులేషను చెక్కుచెదరకుండా మూడు తీగలూ విడదీసి పెట్టుకుంటే ఏ ప్లగ్గు దగ్గరైనా పనికొస్తుంది.

చిన్న కరెంట్ల దగ్గర ఈ మీటరుని గుడ్డిగా నమ్మకండి. దీని ఖచ్చితత్వం 2 శాతం, దానికి తోడు చివరి స్థానంలో 5 అంకెలు (0.01 వరకు చూపే రేంజిలో 0.05 ఆంపియర్లు). అంటే 6.5 ఆంపియర్ల దగ్గర 0.18 వరకు తేడా రావచ్చు, అది పర్వాలేదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునే 0.08 ఆంపియర్ల దగ్గర తేడాయే 0.05 దాటితే కొలిచి లాభం లేదు. అలాంటప్పుడు తీగను దవడ చుట్టూ పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించాలి. వోల్టేజి కొలతలోనూ ఒక శాతం పైచిలుకు తేడా ఉంటుంది, భాగించినా గుణించినా రెండు తేడాలూ కలుస్తాయి. కాబట్టి 35.577 ఓమ్‌లు అని రాసుకోవడంలో అర్థం లేదు, 35 లేదా 36 అంటే చాలు.

మోటార్ల దగ్గర లెక్క మారిపోతుంది. 230 వోల్టుల మీద 7 ఆంపియర్లు తీసుకునే ఒక హెచ్‌పీ మోటారుకి భాగిస్తే 33 వస్తుంది, కానీ సప్లై తీసేసి వైండింగుకి ఓమ్‌లు చూస్తే చాలావాటిలో 5 లోపే ఉంటుంది. ఆ 33 ఇంపెడెన్స్ (ఏసీకి తగిలే మొత్తం అడ్డు), వైండింగు రెసిస్టెన్సు కాదు. దాన్ని చూసి రీవైండింగుకి ఇవ్వకండి. పవరుకి కూడా గుణకారం ఒక్కటీ చాలదు. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు 415 వోల్టుల దగ్గర 7.5 ఆంపియర్లు తీసుకుంటే 1.732 (త్రీఫేజ్‌కి వాడే, 3 వర్గమూలం) × 415 × 7.5, అంటే 5390 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా వాట్లయ్యే వంతు) 0.85 అనుకుంటే అసలు పవరు 4580 వాట్లు. ఆ ఫ్యాక్టరుని ఈ మీటరు చెప్పదు, నేమ్‌ప్లేటు చూసుకోవాల్సిందే. దీనిలో పెద్ద లోటు ఇదే. ఇంకొకటి, లో వోల్టేజిలో రాడ్డు కరెంటు తగ్గుతుంది, లోడు మీదున్న మోటారు కరెంటు మాత్రం పెరుగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైండింగు వేడి 44 శాతం పెరుగుతుంది.

బోర్డుకి 100 మీటర్ల దూరంలో నూతి మోటారు ఉంటే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకి 7.4 ఓమ్‌లు కాబట్టి రానూపోనూ 1.48 ఓమ్‌లు. 7 ఆంపియర్ల దగ్గర 10 వోల్టులు పోతాయి, అంతవరకు నడుస్తుంది. స్టార్టింగులో 35 ఆంపియర్లు లాగితే 52 వోల్టులు పోతాయి. మోటారు గుర్ గుర్‌మని లేవకపోతే కెపాసిటర్ మార్చే ముందు ఈ లెక్క చూడండి.

డీసీ ఉన్నందుకు అసలు ఫలితం ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర కనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత రోజులతరబడి కరెంటు లేకుండా గడిపిన ఊళ్లకి ఇన్వర్టర్ విలువ చెప్పక్కర్లేదు. లోడు మీద 40 ఆంపియర్లు పోతుండగా బ్యాటరీ సీసపు పోస్టుకీ, దానికి బిగించిన లగ్గుకీ (కేబులు చివరి లోహపు ముక్క) మధ్య వోల్టేజి చూడండి. 0.4 వోల్టులు వస్తే ఆ జాయింటు 0.01 ఓమ్, అక్కడే 16 వాట్ల వేడి. మామూలు ఓమ్ రేంజిలో ఇది దొరకదు, ప్రోబు తీగలకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. లగ్గు విప్పి, గీకి, బిగించి, పెట్రోలియం జెల్లీ రాస్తే ఆ 0.4 బాగా దిగుతుంది. ఒక్కటే జాగ్రత్త: డీసీలో పెట్టగానే తీగ లేకపోయినా అర ఆంపియరు చూపిస్తుంది. పట్టుకునే దిశలోనే ఉంచి జీరో నొక్కాలి, దిశ మారితే మళ్లీ నొక్కాలి.

సముద్రపు గాలికి దవడల అంచులు తుప్పు పడతాయి. అవి సరిగ్గా మూసుకోకపోతే కరెంటు తక్కువ చూపిస్తుంది, పొడిగుడ్డతో తుడుస్తుండాలి. హోల్డ్ బటన్ వేలికి తగిలేచోట పెట్టడం నాకు నచ్చలేదు. అది నొక్కుకుపోతే పాత అంకె నిలిచిపోతుంది, ఆ పాత అంకె సున్నా అయితే సప్లై ఉన్న తీగ మీద కూడా సున్నాయే కనిపిస్తుంది. తెలిసిన లైవు మీద ఒకసారి చూసుకున్నాకే తీగ ముట్టుకోవాలి. ఓమ్ రేంజిలో ఉండగా సప్లైకి తగిలించకూడదు, కెపాసిటర్ ఉంటే ముందు డిశ్చార్జి చేయాలి. కొనేవాళ్లు క్యాట్ త్రీ (ఇళ్ల బోర్డులు, మోటారు లైన్ల మీద వాడదగ్గ భద్రతా తరగతి) 600 వోల్టుల గుర్తు మీటరు మీదా, ప్రోబుల మీదా రెండుచోట్లా ఉందో లేదో చూసి తీసుకోండి.