గొట్టం కుదించిన .44 మాగ్నమ్: రేంజ్‌లో ఒక పూట

.44 మాగ్నమ్ అనే శక్తిమంతమైన తూటాలు పేల్చే, అమెరికాలో 1959 నుంచి తయారవుతున్న రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ రివాల్వర్‌కు ఏడున్నర అంగుళాల గొట్టాన్ని ఐదున్నరకు కుదింపజేసి, ట్రిగ్గర్‌ను తేలిక చేయించి, టెక్సస్‌లోని ఒక షూటింగ్ రేంజ్‌లో పరీక్షించాను.

ఇసుక సంచిపై చేతులు ఆనించి, 25 గజాల దూరంలోని కాగితంపై 240 గ్రెయిన్‌ల (సుమారు పదిహేనున్నర గ్రాముల) బరువైన తూటాలు ఆరు పేల్చగా, ఐదు దాదాపు రెండు అంగుళాల వలయంలో పడ్డాయి. ఆరవది తప్పడం పూర్తిగా నా తొందరపాటే. ట్రిగ్గర్ ఎక్కడా గరగరలాడకుండా విడుదలవుతుంది, ఈ పనితనానికి ఇచ్చిన సొమ్ము దండగ కాలేదు. అయితే గొట్టం పొట్టిదైనందున తూటా వేగం కొంత తగ్గి, మంట, మోత పెరిగాయి. చెవుల్లో బిరడాలు, వాటిపై చెవులను కప్పే మఫ్‌లు రెండూ తప్పనిసరి. పిడి అరచేతిలో పైకి దొర్లుతూ తన్నడం వల్ల ముప్పయ్యో తూటాకల్లా మణికట్టు మొరాయించింది. అదే తుపాకిలో .44 స్పెషల్ అనే తక్కువ శక్తి గల తూటాలు వేస్తే మాత్రం హాయిగా ఉంది.

అసలు లోపం ముందు సైట్‌లో, అంటే గురి చూసుకోవడానికి గొట్టం కొసన ఉండే మొనలో ఉంది. మార్పులు చేసిన పనివాడు దాన్ని మరీ పొట్టిగా అమర్చడంతో, వెనుక సైట్‌ను అడుగుకంటా దించినా తూటాలు గురికి పైనే తగులుతున్నాయి. దాన్ని మార్పించాకే దీనితో వేటకు వెళతాను.