బోర్డు ముందు చెప్పడమా, నోట్స్ రాయడమా?

గణితాన్నే వృత్తిగా ఎంచుకోవాలనుకునే విద్యార్థి, విషయాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం ఎలా నేర్చుకోవాలి? తోటివారికి బోర్డు మీద ఒక సిద్ధాంతం వివరించడం ఒక దారి. దాన్నే లేటెక్‌లో (గణిత సూత్రాలను చక్కగా పేజీలో అమర్చే సాఫ్ట్‌వేర్) రెండు పేజీల నోట్స్‌గా రాయడం ఇంకో దారి.

బోర్డు దగ్గర లోపం అక్కడికక్కడే బయటపడుతుంది. √2 కరణీయ సంఖ్య (పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది) అని నిరూపించేందుకు, దాన్ని పి/క్యూ అనే భిన్నం అనుకుని మొదలుపెట్టి, 'పి వర్గం సరిసంఖ్య, కాబట్టి పి కూడా సరిసంఖ్యే' అని దాటేస్తే, ఎవరో ఒకరు 'ఎందుకు?' అంటారు. బేసి సంఖ్య వర్గం ఎప్పుడూ బేసే అన్న సమాధానం నోటి చివర ఉండాలి. 20 నిమిషాలకు ఒక సిద్ధాంతం, ఒక ఉదాహరణ చాలు. చాలామంది నిర్వచనాలకే సగం సమయం తగలేసి, అసలు నిరూపణను చివర్లో పరుగులు పెట్టిస్తారు. ఉదాహరణతో మొదలుపెడితే ఈ బాధ తప్పుతుంది. రాస్తున్నది పైకి చదవాలి, రాశాక పక్కకు జరగాలి.

నోట్స్‌లో అడ్డుపడి అడిగేవారుండరు. 'స్పష్టమే' అన్న మాట చాటున తప్పులు దాక్కుంటాయి. కానీ కచ్చితత్వానికి రాతే మేలు. అవధుల నిర్వచనంలో ఎప్సిలాన్, డెల్టా అనే చిన్న ధన సంఖ్యలు వస్తాయి. 'ప్రతి ఎప్సిలాన్‌కూ ఒక డెల్టా ఉంది', 'ఒకే డెల్టా అన్ని ఎప్సిలాన్లకూ సరిపోతుంది' అనేవి వేర్వేరు వాక్యాలు. మాటల్లో ఈ తేడా ఇట్టే జారిపోతుంది.

మొదట బోర్డే ఎంచుకోవడం మంచిది. మర్నాడే, వచ్చిన ప్రశ్నలను కలుపుకుని నోట్స్ రాయొచ్చు. డేటా, ఫైనాన్స్ ఉద్యోగాల వైపు వెళ్లేవారు మాత్రం సూత్రాలేవీ లేకుండా అర పేజీలో ఫలితం చెప్పడం కూడా సాధన చేయాలి.