వాల్పారైలో మూడు రాత్రులు

వాల్పారై తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా కొండల మీద ఉన్న టీ తోటల ఊరు. ఆళియార్ డ్యామ్ దాటాక ఘాట్ మొదలవుతుంది. మొత్తం 40 హెయిర్‌పిన్ మలుపులు, ఒక్కోదానికీ నంబరు బోర్డు. మా అమ్మాయి పదిహేను దాకా లెక్కపెట్టి, తర్వాత ప్లాస్టిక్ కవర్ అడిగింది. తొమ్మిదో మలుపు దగ్గర లోమ్స్ వ్యూ పాయింట్‌లో మాత్రం ఆగండి. కింద డ్యామ్ నీళ్లు కనిపిస్తాయి, అదృష్టం ఉంటే బండల మీద నీలగిరి థార్‌లు (అడవి మేకలు) కూడా.

మొదటి రాత్రి పేరులో 'ఎకో' ఉన్న రిసార్ట్‌లో దిగాం. గది శుభ్రం, కిటికీ అడవి వైపే. కానీ తొమ్మిదికి మంట వేసి, స్పీకర్లు పెట్టి పదకొండు దాకా డాన్సులు. పొద్దున్నే ఖాళీ చేశాం, మిగతా అడ్వాన్సు తిరిగివ్వలేదు.

మిగతా రెండు రాత్రులు ఒక ఎస్టేట్‌లోని పాత బంగళాలో. వేడినీళ్లు అడిగిన అరగంటకి బకెట్లో వస్తాయి, ఫోన్ సిగ్నల్ వరండా చివర్లోనే. అయినా మళ్లీ వెళితే అక్కడికే వెళతాను. వంటమనిషి పెట్టిన షరతు ఒక్కటే: చీకటి పడ్డాక గేటు దాటొద్దు. తేయాకు పొదల్లో చిరుతలు తిరుగుతాయి, ఊరికే భయపెట్టడం కాదది.

ఇక్కడ అడవి ఒకేచోట లేదు. ఒకప్పటి వర్షారణ్యాన్ని నరికి టీ వేశారు, మిగిలిన ముక్కలు తోటల మధ్య అక్కడక్కడా ఉండిపోయాయి. ఏనుగులు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి తోటల మీదుగానే నడవాలి. అందుకే దగ్గర్లో ఏనుగులుంటే జనానికి ఎస్సెమ్మెస్ వెళుతుంది, కొన్నిచోట్ల స్తంభాల మీద ఎర్ర దీపం వెలుగుతుంది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే వన్యప్రాణి సంరక్షణ సంస్థ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. పాడైన అడవి ముక్కల్లో స్థానిక జాతుల మొక్కలు నాటేదీ వాళ్లే. ఇదంతా మాకు చెప్పింది బంగళావాళ్లు కుదిర్చిన గైడు. ఈ ట్రిప్‌లో నాకు అస్సలు బాధ లేకుండా ఇచ్చిన డబ్బు ఆయనకిచ్చిందే.

పుదుతోట్టం దగ్గర సింహపు తోక కోతుల్ని చూపించింది కూడా ఆయనే. పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా ఉండని జాతి. రోడ్డు దాటబోయి బండ్ల కింద పడకుండా చెట్ల మధ్య తాళ్లతో వంతెనలు కట్టారు. వాటి కిందే ఒక కారాయన చిప్స్ విసురుతున్నాడు. గైడు తమిళంలో ఏదో గట్టిగానే అన్నాడు. మాకు అర్థం కాలేదు కానీ చిప్స్ విసిరినాయన కారెక్కి వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణం మలక్కప్పార మీదుగా కేరళలోని అతిరప్పిళ్లి జలపాతం వైపు పెట్టుకున్నాం. అసలైన అడవి దారి ఇదే. చెక్‌పోస్టు దగ్గర పొద్దుపోతే వదలరు, అందుకని ఉదయమే బయల్దేరండి. వాళచ్చాల్‌కి ముందు తల పైన ఏదో రైలింజను ఊదినట్టు చప్పుడైంది. హార్న్‌బిల్ రెక్కలు. పక్షిని చూసింది అమ్మాయి ఒక్కతే. నేనప్పుడు వంగి సాక్సులోంచి జలగ తీసుకుంటున్నాను.