తుపాకీ లేని కాపలా: జోంగ్లే ఆసుపత్రిలో ఏళ్లపాటు వాడి చూశాక

"అక్కడ సెక్యూరిటీ ఎలా ఉంటుందన్నా?" దక్షిణ సూడాన్‌కి ఉద్యోగానికి వెళ్లబోయే తెలుగు నర్సులు, ఇంజినీర్లు ఎవరు ఫోన్ చేసినా జీతం కంటే ముందు అడిగేది ఇదే. జోంగ్లే రాష్ట్రంలో, సుద్ద్ చిత్తడి నేలల అంచున ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి లాజిస్టిక్స్‌తో పాటు సెక్యూరిటీ కూడా ఏళ్లపాటు నేనే చూశాను. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను. ఊరి పేరు, సంస్థ పేరు రాయను. అక్కడ మావాళ్లు ఇంకా పనిచేస్తున్నారు.

మా గేటు దగ్గర తుపాకీ ఉండేది కాదు. వాచ్‌మన్ చేతిలో ఒక టార్చి, ఒక వాకీటాకీ, వానాకాలంలో కాళ్లకు గమ్‌బూట్లు. గేటు మీద ఏకే-47 బొమ్మ గీసి దాని మీద ఎర్రగీత కొట్టిన బోర్డు. ఊళ్లో చాలామందికి చదువు రాదు కాబట్టి అక్షరాల కంటే బొమ్మే ముఖ్యం. చుట్టుపక్కల పశువులు కాసే కుర్రాళ్ల భుజాన మాత్రం నిజం ఏకే-47లే వేలాడుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఇది చూసి భయపడతారు. ఇంతకాలం వాడాక నా తీర్పు ఏమిటంటే, అక్కడ నిలబడే పద్ధతి ఇదొక్కటే.

కారణం ఉంది. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం మొదలయ్యాక అక్కడ ఏ యూనిఫాం చూసినా జనానికి ఏదో ఒక పక్షమే గుర్తొస్తుంది. దానికి తోడు లౌ నుయేర్, ముర్లే అనే రెండు తెగల మధ్య పశువుల కోసం దాడులు, ఎదురుదాడులు. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న మనిషిని నిలబెడితే వాడు ఎవరి మనిషి అన్న ప్రశ్న అదే రోజు పుడుతుంది. అవతలి పక్షంలో గాయపడ్డవాడు ఇక మన గడప తొక్కడు. పైగా ఆ తుపాకీ కోసమే ఎవరైనా రాత్రిపూట రావచ్చు. భద్రాచలం అవతల ఛత్తీస్‌గఢ్ అడవుల్లో సంచార క్లినిక్‌లు నడిపిన అంతర్జాతీయ వైద్య సంస్థ ఎంఎస్‌ఎఫ్‌ది (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) కూడా ఆయుధాలు లోపలికి రానివ్వని పద్ధతే.

ఆ బోర్డుకు విలువ తెచ్చేది గేటు దగ్గర కూర్చున్న మనిషి. ఒక సాయంత్రం పొట్టలో తూటా దిగిన కుర్రాడిని మంచం మీద మోసుకొచ్చారు. వెంట పదిమంది దాకా ఉన్నారు, అందరి దగ్గరా తుపాకులే. చెమటలు, కేకలు, ఒకడు గేటు తన్నుతున్నాడు. మా పెద్ద వాచ్‌మన్ నుదుటి మీద నుయేర్ మగవాళ్లు పెట్టించుకునే ఆరు గీతలు ఉన్నవాడు, వయసు అరవై దాటి ఉంటుంది. లేచి నిలబడి గొంతు పెంచకుండా "మాలే" అని పలకరించాడు. ఏ ఊరు, ఎవరి కొడుకు అని అడిగాడు. వాళ్ల తాత పేరు చెప్పించుకుని, "అయితే నువ్వు నాకు మేనల్లుడివి అవుతావు" అని గేటు తన్నేవాడి భుజం మీద చెయ్యి వేశాడు. మంచం మోసే నలుగురూ తుపాకులు తీసి మిగతావాళ్లకు ఇచ్చారు. వాళ్లు రోడ్డు అవతల లాలోబ్ చెట్టు కిందికి వెళ్లి కూర్చున్నారు. మన గారచెట్టు జాతే అది. మంచం లోపలికి వచ్చింది. ఇదంతా అయ్యేసరికి నేను ఆఫీసులోంచి గేటు దాకా వచ్చానంతే.

తుపాకులు మేమెప్పుడూ తీసుకుని దాచలేదు. కొన్ని ఆసుపత్రుల్లో గేటు పక్కన బీరువా పెట్టి టోకెన్ ఇస్తారు. నాకు అది నచ్చదు. అలా చేస్తే మనం ఆయుధాల గిడ్డంగి అవుతాం. వాళ్ల మనుషుల దగ్గరే, గేటు బయటే ఉండడం మేలు.

ఇక ఈ పద్ధతిలో అసలైన టెన్షన్ తూటాలతో రాదు, ఉద్యోగాలతో వస్తుంది. పదిమంది వాచ్‌మన్‌లను తీసుకుంటే ఏ వంశం వాళ్లు ఎంతమంది, ఏటికి ఇవతలివాళ్లు ఎంతమంది అని ఊరంతా లెక్క వేస్తుంది. ఒక్క వర్గం ఎక్కువైతే ఆసుపత్రి వాళ్లదైపోతుంది. 2020లో కొన్ని పట్టణాల్లో ఉద్యోగాల గొడవతోనే యువకులు సహాయ సంస్థల ఆవరణల మీద పడ్డారు. మేం ఖాళీ ఉంటే చెట్టు కింద సభ పెట్టి, ఊరి పెద్దలు, పాయమ్ అధికారి, యువకుల నాయకుడు, ఆడవాళ్ల సంఘం అందరి ముందే చెప్పేవాళ్లం. పాయమ్ అంటే మన మండలం లాంటిది. ఇదంతా చాలా సమయం తినే పని. రాజధాని జుబాలో కూర్చున్నవాళ్లకు ఇది సెక్యూరిటీ పనిగా కనిపించదు. ప్రతి నెలా రిపోర్టులో ఈ సభల గురించి నేను రాస్తూనే ఉన్నాను.

సామాన్లలో నేను నిండు మార్కులు వేసేది హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) రేడియోకే. సెల్ టవర్ లేని చోట అది మాకు ఊపిరి. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలు ఆకాశంలో అయనోస్ఫియర్‌కి తగిలి మళ్లీ కిందికి వస్తాయి కాబట్టి, వందల కిలోమీటర్ల దూరంలోని జుబాతో మధ్యలో ఏ టవరూ లేకుండా మాట్లాడొచ్చు. పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఒక సోలార్ ప్యానెల్, రెండు గుంజల మధ్య కట్టిన తీగ చాలు. పొద్దున, సాయంత్రం రేడియో చెక్. బండి బయటికెళ్తే గంటగంటకీ కాల్. రెండు కాల్స్ వరుసగా తప్పితే ఏం చేయాలో గోడ మీద అతికించి ఉండేది.

కొత్తవాళ్లు చీకటిపడగానే రేడియో పాడైందని కంగారు పడతారు. పాడవదు. పగలు బాగా పలికే ఫ్రీక్వెన్సీ రాత్రి పలకదు, తక్కువ ఫ్రీక్వెన్సీకి దిగాలి. మాకు పగటికి ఒక ఛానెల్, రాత్రికి ఒక ఛానెల్ ఉండేవి. మరో సంగతి, అందులో మాట్లాడేది ఎవరైనా వినొచ్చు. అందుకే రోగి ఏ తెగవాడో, డబ్బు ఎప్పుడు వస్తుందో, విమానంలో ఎవరు ఎక్కుతున్నారో రేడియోలో చెప్పకూడదు. ఇబ్బందులు కూడా రాస్తాను: నొక్కి మాట్లాడే బటన్‌లోకి ధూళి వెళ్లి బిగుసుకుపోతుంది, గుంజలకు చెదలు పడతాయి, ఉరుములు మొదలవగానే యాంటెన్నా తీగ పీకేయాలి. అంటే కొన్నిసార్లు సరిగ్గా అవసరమైన గంటలోనే రేడియో ఉండదు. వాకీటాకీలు ఆవరణ వరకే. చదును నేల మీద కూడా నాలుగైదు కిలోమీటర్లు దాటితే గరగరే.

శాటిలైట్ ఫోన్ చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ నేను దాన్ని రెండో వరసలో పెడతాను. పైన ఆకాశం కనిపించాలి, గదిలో పనిచేయదు. కాల్పులు జరుగుతుంటే బయట నిలబడి సిగ్నల్ వెతుక్కోలేం. ఒక్క హెచ్చరిక: సెలవుకి ఇంటికి వచ్చేటప్పుడు దాన్ని జుబాలోనే వదిలేసి రండి. తురాయా, ఇరిడియం ఫోన్లు అనుమతి లేకుండా భారతదేశంలోకి తేవడం నేరం, విమానాశ్రయాల్లో అరెస్టులు జరిగాయి.

సేఫ్ రూమ్, అంటే కాల్పులప్పుడు తలదాచుకునే గది గురించి మాన్యువల్‌లో ఇసుక బస్తాలు పేర్చమని ఉంటుంది. మా దగ్గర ఇసుక లేదు, రాయి లేదు. మైళ్ల కొద్దీ నల్లరేగడే. దాన్నే బస్తాల్లో నింపితే వానకు ఉబ్బి కుట్లు తెగేవి, ఎండకు బీటలు వారేవి. ప్రతి వానాకాలం తర్వాత గోడ మళ్లీ కట్టాల్సిందే. ఆ నేలతోనే ఇంకో చిక్కు. మే నుంచి అక్టోబరు దాకా బండి కదలదు, ఎయిర్‌స్ట్రిప్ తడిగా ఉంటే ఐరాస చిన్న విమానం దిగదు. కాగితం మీద ఉన్న తరలింపు ప్లాన్ ఏడాదిలో సగం రోజులకు వర్తించదన్నమాట. ఆ నెలల్లో ఉన్న దారి రెండే, లోపల ఉండిపోవడం లేదా పడవ.

అలా వెళ్లిపోవాల్సి వస్తే రోగుల మాటేమిటి? ఇసుక ఈగలు కుట్టడం వల్ల వచ్చే కాలా అజార్ జ్వరానికి అక్కడ రెండు మందుల ఇంజెక్షన్లు 17 రోజులు వరుసగా ఇస్తారు. మధ్యలో ఆపడానికి లేదు. అందుకే స్థానిక నర్సుల కోసం భుజాన వేసుకునే సంచులు సిద్ధంగా పెట్టేవాళ్లం: మలేరియా మాత్రలు, కట్టు సామాను, ఓఆర్‌ఎస్, ఇంజెక్షన్లు, ప్రతి రోగిదీ చికిత్స కార్డు. జనం పొదల్లోకి పారిపోతే వాళ్లతో పాటే నర్సూ, వైద్యమూ వెళ్తాయి. 2014లో లీర్ పట్టణంలోని ఎంఎస్‌ఎఫ్ ఆసుపత్రిని దోచుకున్నప్పుడు అక్కడి స్థానిక సిబ్బంది మందులు మోసుకుంటూ పొదల్లోనే చికిత్స చేశారు. మా సంచుల ఆలోచన అక్కడిదే. నా చేతుల మీదుగా జరిగిన పనుల్లో నాకు అన్నిటికంటే గర్వంగా ఉండేది ఈ సంచులే.

ఈ పద్ధతి ఆపలేనిది కూడా ఉంది, దాచను. 2025 ఏప్రిల్‌లో ఉలాంగ్‌లో సాయుధులు ఎంఎస్‌ఎఫ్ ఆసుపత్రిని దోచుకున్నారు. మే 3న ఓల్డ్ ఫంగాక్‌లో అదే సంస్థ ఆసుపత్రి మీద బాంబులు పడి మందుల గది కాలిపోయింది. ఆసుపత్రి ఎక్కడుందో అన్ని పక్షాలకూ ముందే తెలిపామని వాళ్లు చెప్పారు. ఆసుపత్రుల మీద దాడులను ఖండిస్తూ భద్రతామండలి 2286 తీర్మానం చేసింది 2016 మే 3న, అంటే సరిగ్గా తొమ్మిదేళ్ల ముందు. ఆకాశం నుంచి వచ్చేదానికి మేనమామ వరస కలిపే వాచ్‌మన్ ఏం చేయగలడు? అది ప్రభుత్వాలు, సైన్యాలు జవాబు చెప్పాల్సిన నేరం. అది రాసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

2025లో అమెరికా సాయం కోసేశాక అన్ని సంస్థలూ ఖర్చులు తగ్గించుకునే పనిలో పడ్డాయి. నా సూచన ఒకటే. కెమెరాలు, ఇనుప ముళ్లతీగ, రెండో శాటిలైట్ ఫోన్ కావాలంటే తీసేయండి. రాత్రి షిఫ్టు వాచ్‌మన్‌ల సంఖ్య మాత్రం తగ్గించకండి. వాళ్ల జీతం నెల తిరక్కుండా ఇవ్వండి. వానలు మొదలయ్యే ముందే, అంటే ఏప్రిల్ విమానంలోనే, గమ్‌బూట్లు, రెయిన్‌కోట్లు, టార్చి బ్యాటరీలు పంపించండి. మే దాటాక పంపుదామన్నా దారి ఉండదు.